అమ్మోనియా చేయడానికి వేల కోట్లు సరే, అందులోంచి శక్తిని తీసే సంగతి ఎవరు చూస్తారు?

గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పరిశోధన కమిటీకి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద పరిశోధన నిధులు ఎవరికివ్వాలో తేల్చే నిపుణులకూ, వాటిని విడుదల చేసే కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ అధికారులకూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను కోస్తాలో ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుంటూ, నలుగురు విద్యార్థులతో అమ్మోనియా ఆక్సీకరణ ఉత్ప్రేరకాల మీద పనిచేసేవాణ్ణి. మీ పథకానికి ప్రతిపాదన పంపలేదు, పంపినా ఈ మాటలే రాసేవాణ్ణి.

మా ప్రాంతంలో ఇప్పుడు ఎక్కడ విన్నా అమ్మోనియా మాటే. కాకినాడలో పాత నాగార్జున ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా, అంటే పునరుత్పాదక విద్యుత్తుతో చేసే అమ్మోనియా, చేస్తామని ఏఎం గ్రీన్ సంస్థ ముందుకొచ్చింది. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, 7,500 టన్నుల అనుబంధ ఉత్పత్తులు, ముఖ్యంగా ఎగుమతికే అని చెప్పారు. రావలసిందే. ఎరువుల కోసం సహజవాయువు దిగుమతి చేసుకునే దేశానికి ఇది మంచి కబురే.

అయితే ఒక లెక్క చూడండి. 2023 జనవరి 4న మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మొత్తం 19,744 కోట్లు. అందులో నీటిని కరెంటుతో విడగొట్టే ఎలక్ట్రోలైజర్ల తయారీకీ హైడ్రోజన్ ఉత్పత్తికీ ఇచ్చే ప్రోత్సాహకాలు 17,490 కోట్లు, పైలట్ ప్రాజెక్టులకు 1,466 కోట్లు, పరిశోధనకు 400 కోట్లు. అంటే నూటికి రెండు రూపాయలు. ఆ రెండు రూపాయల్లో ఉత్పత్తి, నిల్వ, రవాణా, వాడకం అన్నీ ఇమడాలి. ధాన్యం గాదెకెత్తడానికి ఊరంతా కదిలి, దంచడానికి రోలుందా అని ఎవరూ అడగనట్టుంది వ్యవహారం. ఇంకో వంద కోట్లు కలపమని అడగడానికి ఇది రాయడం లేదు. ఉన్న డబ్బే ఏ ప్రశ్నలు అడిగి ఇవ్వాలన్నదే నా పేచీ.

ముందే ఒకటి ఒప్పుకోవాలి. కాకినాడ అమ్మోనియా ఎరువుల ఫ్యాక్టరీకి పోతే అక్కడ మా ఉత్ప్రేరకాలతో ఎవరికీ పని లేదు. యూరియాలోకో, డీఏపీలోకో నేరుగా పోతుంది. అదే మొదటి గమ్యం కావాలని నా అభిప్రాయం కూడా. కానీ మిషన్ కాగితాల్లో అమ్మోనియాకు ఇంకో వేషం కూడా ఉంది, హైడ్రోజన్‌ను మోసుకెళ్లే వాహకం అని. ఆ వేషానికి ఆధారాలు గట్టివే. అమ్మోనియా బరువులో దాదాపు 17.6 శాతం హైడ్రోజన్. మైనస్ 33 డిగ్రీలకే ద్రవమవుతుంది. హైడ్రోజన్‌ను ద్రవం చేయాలంటే మైనస్ 253 దాకా పోవాలి. ఒక ఘనమీటరు ద్రవ అమ్మోనియాలో దాదాపు 120 కిలోల హైడ్రోజన్ ఉంటే, ఒక ఘనమీటరు ద్రవ హైడ్రోజన్‌లో 71 కిలోలే ఉంటుంది. దాచడం, ఓడకెక్కించడం వందేళ్లుగా తెలిసిన పని. మన రేవుల్లో చేపలు గడ్డకట్టే ఐసు ఫ్యాక్టరీలు కూడా అమ్మోనియాతోనే నడుస్తాయి. ఆ వాసన తెలియని మత్స్యకారుడు ఉండడు.

చిక్కంతా దింపుకున్న తర్వాత వస్తుంది. హైడ్రోజన్ కావాలంటే అమ్మోనియాను పగలగొట్టాలి. వేడితో పగలగొడితే రుథేనియం లాంటి ఖరీదైన లోహం మీద కూడా 400, 500 డిగ్రీలు కావాలి, నికెల్ మీదైతే ఇంకా ఎక్కువ. అలా పగలగొట్టడానికే, వచ్చే హైడ్రోజన్‌లోని శక్తిలో కనీసం ఎనిమిదో వంతు ఖర్చవుతుంది. నిజమైన యంత్రంలో అంతకంటే ఎక్కువే. హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే మామూలు ఫ్యూయల్ సెల్‌కు పంపాలంటే మిగిలిన అమ్మోనియా జాడ కూడా లేకుండా శుద్ధి చేయాలి. పెద్ద రేవులో పెద్ద ప్లాంటు పెట్టేవాళ్లకు ఇది నడుస్తుందేమో. ఒక టెలికాం టవరుకో, పడవకో, ఊరవతల ఆసుపత్రికో నడవదు.

అందుకే విద్యుత్తుతో ఆక్సీకరణం. క్షార ద్రావణంలో ఆనోడ్ మీద అమ్మోనియా ఎలక్ట్రాన్లు వదిలి నత్రజని అవుతుంది, అవతల కాథోడ్ మీద నీటి నుంచి హైడ్రోజన్ వస్తుంది. సిద్ధాంతం ప్రకారం దీనికి కావలసింది 0.06 వోల్టులు. నీటిని విడగొట్టడానికి 1.23. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, తరగతిలో వెనక బెంచీ కూడా నిటారుగా కూర్చుంటుంది. కరెంటు లెక్కలో కిలో హైడ్రోజన్‌కు ఒక వోల్టుకు దాదాపు 26.6 యూనిట్లు. అంటే నీటి నుంచి కనీసం 33 యూనిట్లు, అమ్మోనియా నుంచి కనీసం ఒకటిన్నర. కాథోడ్ దగ్గర గాలిలోని ఆక్సిజన్ పెడితే అదే ఫ్యూయల్ సెల్ అవుతుంది, సిద్ధాంతంలో 1.17 వోల్టులు ఇస్తుంది.

సిద్ధాంతానికీ బల్ల మీదికీ మధ్య ఎంత దూరమో చూపించాలి మీకు. ఒక మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్, అందులో కాస్త అమ్మోనియా, అందులో ప్లాటినం ఎలక్ట్రోడ్. పొటెన్షియల్‌ను, అంటే హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలిచే వోల్టేజీని, మెల్లగా పైకి తీసుకెళ్తాం. 0.06 దగ్గర ఏమీ జరగదు. 0.2, 0.3, ఏమీ లేదు. 0.45, 0.5 దగ్గర కరెంటు గీత కదులుతుంది, 0.65, 0.7 దగ్గర చక్కటి శిఖరం కనిపిస్తుంది. పరిశోధన పత్రాల్లో అచ్చయ్యేది ఆ శిఖరమే. తర్వాత చేయాల్సిన పని పొటెన్షియల్‌ను 0.6 దగ్గర కదలకుండా పెట్టి వదిలేయడం. కొద్ది నిమిషాల్లో కరెంటు కళ్లముందే జారిపోతుంది, టీ తాగొచ్చేసరికి మొదట్లో ఉన్నదాంట్లో చిన్న భాగమే మిగులుతుంది. ఉత్ప్రేరకం కరిగిపోలేదు, రాలిపోలేదు. పొటెన్షియల్‌ను ఒకసారి బాగా కిందికి దింపి మళ్లీ పైకి తెస్తే శిఖరం తిరిగొస్తుంది. అంటే దాని పైన ఏదో పట్టుకు కూర్చుంటోంది, తుడిస్తే పోతోంది.

ఆ పట్టుకున్నదేమిటో 1970లోనే జర్మన్ శాస్త్రవేత్తలు గెరిషర్, మౌరర్ సూచించారు. ప్లాటినం మీద వాలిన అమ్మోనియా ఒక్కొక్క హైడ్రోజన్‌నే వదులుకుంటుంది. రెండు హైడ్రోజన్లు ఇంకా మిగిలి ఉండగా పక్కనున్న ఇలాంటిదే మరొకదానితో జతకడితే, ఆ జంట మిగతా హైడ్రోజన్లు కూడా వదిలి నత్రజని వాయువై ఎగిరిపోతుంది. జత దొరికేలోపు ఉన్నవన్నీ వదిలేసిందా, ఒంటరి నత్రజని పరమాణువు ప్లాటినానికి అతుక్కుపోతుంది. అదే విషం. మిగతా లోహాల కథ దీన్నిబట్టే అర్థమవుతుంది. రుథేనియం నత్రజనిని మరీ గట్టిగా పట్టుకుంటుంది, రాగి, వెండి, బంగారం అసలు పట్టించుకోవు. ప్లాటినం, ఇరిడియం మధ్యలో ఉన్నాయి. ప్లాటినంలో కూడా పరమాణువులు చతురస్రంగా పేర్చి ఉన్న తలం బాగా పనిచేస్తుంది, షడ్భుజాల్లా పేర్చిన తలం సోమరిది. ఇరిడియం కలిపితే చర్య కాస్త తక్కువ వోల్టేజీ దగ్గరే మొదలవుతుంది. ప్రపంచమంతా ప్లాటినం, ఇరిడియం మిశ్రమం చుట్టూ తిరగడానికి కారణం ఇది. 2019లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం బృందం అలాంటి ఆనోడ్‌తో 80 డిగ్రీల వద్ద చదరపు సెంటీమీటరుకు 135 మిల్లీవాట్లు రాబట్టింది. మెచ్చుకోదగ్గ పని. హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ దీనికి ఏడెనిమిది రెట్లు అవలీలగా ఇస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇరిడియం గురించి ఒక్క మాట. ప్రపంచం మొత్తం ఏడాదికి తవ్వేది ఏడెనిమిది టన్నులు, అది కూడా ప్లాటినం గనుల్లో వెంటవచ్చే సరుకు, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా నుంచి. పెమ్ రకం, అంటే ప్రోటాన్లను పోనిచ్చే పొర వాడే ఎలక్ట్రోలైజర్లకు కూడా అదే ఇరిడియం కావాలి. మీరే ఒక చేత్తో ఎలక్ట్రోలైజర్లకు ప్రోత్సాహకం ఇస్తూ, ఇంకో చేత్తో అదే లోహం మింగే అమ్మోనియా సెల్‌కు పరిశోధన డబ్బు ఇస్తే, పదేళ్ల తర్వాత రెండూ ఒకే గని ముందు క్యూ కడతాయి.

ఇక్కడే నికెల్ ప్రవేశిస్తుంది, నా అసలు ఫిర్యాదు కూడా.

మన దేశంలో ఈ విషయంపై వచ్చే ప్రతిపాదనలు, పత్రాలు చూస్తూ ఉంటాను. మీరూ చూస్తూనే ఉంటారు. నికెల్, నికెల్ రాగి, నికెల్ రాగి ఇనుము, నికెల్ కోబాల్టు. నికెల్ ఫోమ్ మీద సూదుల్లా, పూరేకుల్లా పెంచిన నానో నిర్మాణాలు. మొదటి వాక్యం దాదాపు అందరిదీ ఒకటే, స్వచ్ఛ ఇంధనానికి చవకైన ఉత్ప్రేరకం అని. చవకన్నది నిజం. స్వచ్ఛ ఇంధనం అన్నచోటే ఆగాలి. నికెల్ హైడ్రాక్సైడ్ ఇంకో మెట్టు ఆక్సీకరణం చెంది ఆక్సీహైడ్రాక్సైడ్ అయితేనే అమ్మోనియాతో చర్య జరుపుతుంది. అది జరిగేది 1.35 వోల్టుల చుట్టుపక్కల. చెప్పుకోదగ్గ కరెంటు కావాలంటే 1.4, 1.5 దాకా పోవాలి.

ఇప్పుడు ఇందాకటి లెక్క తిరగేయండి. 1.5 వోల్టుల దగ్గర కిలో హైడ్రోజన్‌కు 40 యూనిట్లు. ఇంకో పదీ పన్నెండు యూనిట్లు కలిపితే మామూలు ఎలక్ట్రోలైజర్ ఉత్త నీళ్లలోంచే ఆ కిలో తీసిస్తుంది, అమ్మోనియా కొననక్కర్లేదు. అమ్మోనియా ఊరికే రాదు మరి. ఎరువుల ఫ్యాక్టరీలకు గ్రీన్ అమ్మోనియా సరఫరా కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్) 2025లో జరిపిన మొదటి వేలంలో కిలో ధర 55 రూపాయల 75 పైసలు పలికింది. ఆ లెక్కన అందులో దాగున్న హైడ్రోజన్ కిలో 315 రూపాయల దాకా పడుతుంది, బయటికి తీయకముందే. దాని మీద 40 యూనిట్ల కరెంటు బిల్లు. ఇక ఫ్యూయల్ సెల్ సంగతి అడగనే వద్దు. గాలి వైపు కాథోడ్ మంచిదైతే 0.9 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆనోడ్‌కు 1.4 కావాలంటే ఆ సెల్ కరెంటు ఇవ్వడం అటుంచి, మనమే ఎదురివ్వాలి.

ఇది తెలియని రహస్యం కాదు, మూడో సంవత్సరం విద్యార్థి వేయగల కూడిక, తీసివేత. అయినా ప్రతిపాదనల్లో ఎందుకు కనిపించదు? కనిపిస్తే డబ్బు రాదు కాబట్టి. ఉత్ప్రేరకం ఎంత వోల్టేజీ దగ్గర పనిచేస్తోందన్నది మొదటి పేజీలో రాయమని ఎవరూ అడగరు. ఎంత కరెంటు వచ్చిందన్నదే అడుగుతారు.

నికెల్‌ను తీసిపారేయమని కాదు. దానికి వేరే పని ఉంది, గౌరవమైన పని. మురుగునీటిలో అమ్మోనియాను వదిలించడం. ఎరువుల ఫ్యాక్టరీల నీళ్లు, చెత్తకుప్పల కింద ఊరే నీళ్లు, కోళ్లఫారాల నీళ్లు, పట్టణాల మురుగు. ఆ నీటిని ఎలాగూ శుద్ధి చేయాలి, దానికెలాగూ కరెంటు ఖర్చవుతుంది. ఆ ఖర్చుతో కాథోడ్ మీద కాస్త హైడ్రోజన్ వస్తే అది కొసరు. అమెరికాలో జెరార్డీన్ బాట్ ఈ దారిలోనే అమ్మోనియా మీదా, 2009లో యూరియా మీదా పనిచేసి నికెల్‌కు పేరు తెచ్చారు. దారి మంచిదే, దాన్ని నీటి శుద్ధి అని పిలవాలి. ఇంధనం పద్దులో డబ్బు తీసుకుని నీళ్లు కడిగితే రెండు పద్దులూ పాడవుతాయి.

నీటి విషయంలో ఇంకో మెలిక ఉంది, అది చాలామంది గమనించరు. 1.4 వోల్టుల పైన అమ్మోనియా అంతా బుద్ధిగా నత్రజని వాయువు కాదు. కొంత నైట్రైటు, నైట్రేటు అవుతుంది. కొన్ని పరిస్థితుల్లో అదే ఎక్కువ. మన పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో కాలువలు, నదుల్లోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణాల పట్టిక ఉంది. అందులో అమ్మోనియా రూపంలోని నత్రజని లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. నైట్రేటు రూపంలోని నత్రజని 10 మాత్రమే. ఒక ఫ్యాక్టరీ నీటిలో అమ్మోనియా 60 ఉందనుకోండి. మా విద్యార్థి అద్భుతమైన నికెల్ ఎలక్ట్రోడ్‌తో 40కి దింపాడు. తగ్గిన ఆ 20లో 15 నైట్రేటు అయింది. పత్రంలో ముప్ఫై మూడు శాతం తొలగింపు అని వస్తుంది. ఫ్యాక్టరీకి మాత్రం ఒక వరుసలో ఉన్న తప్పు ఇంకో కఠినమైన వరుసలోకి మారింది. కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు నోటీసులో ఒక్క అంకె మారుస్తారు, అంతే తేడా.

కాబట్టి కొలత. విసుగ్గా ఉన్నా కాస్త నిదానంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ రంగంలో మంచి పనికీ ఉత్త మాటకూ తేడా తెలిసేది ఇక్కడే.

పీహెచ్ 14 దగ్గర ద్రావణంలోని అమ్మోనియా మొత్తం వాయువు కావడానికి సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఆక్సిజన్ తీసేయడానికి మేం ఆర్గాన్ బుడగలు వదులుతాం. ఆ బుడగలు పోతూ పోతూ అమ్మోనియాను వెంట తీసుకుపోతాయి. ముక్కుకే తెలుస్తుంది, ఫ్యూమ్ హుడ్ అద్దం దింపకపోతే గదిలో నిలబడలేం. రెండు గంటల తర్వాత ద్రావణం తీసి పరీక్షిస్తే అమ్మోనియా తగ్గి ఉంటుంది, అది ఉత్ప్రేరకం గొప్పతనంగా గ్రాఫులోకి ఎక్కుతుంది. మందు సులువు. అదే సెల్, అవే బుడగలు, అదే సమయం, కరెంటు మాత్రం ఇవ్వకుండా ఒకసారి నడపడం. కరెంటు లేకుండానే ఎంత పోయిందో తెలుస్తుంది. ఈ ఖాళీ పరీక్ష ఫలితం లేని తొలగింపు శాతాన్ని మీ కమిటీ చదవనవసరం లేదు.

వచ్చిన నత్రజనిని కొలవడం ఇంకా కష్టం, ఎందుకంటే గాలిలో 78 శాతం అదే. రబ్బరు బిరడా దగ్గర వెంట్రుకవాసి సందుంటే చాలు. దీనికి గాలిలో అరుదుగా ఉండే నత్రజని 15 ఐసోటోపుతో చేసిన అమ్మోనియం లవణం వాడి, వచ్చిన వాయువును మాస్ స్పెక్ట్రోమీటరులో చూడాలి. ఇదే చర్యను తిరగేసి గాలి నత్రజని నుంచి అమ్మోనియా చేశామన్న వాదనలు కొన్నేళ్లు వెల్లువెత్తాయి. ఐసోటోపుతో కచ్చితంగా కొలవాల్సిన పద్ధతిని 2019లో కొందరు వివరంగా అచ్చేశాక, అందులో చాలావరకు కలుషితాల నుంచి వచ్చిందేమోనన్న అనుమానం బలపడింది. ఆ పాఠానికి ఇంకో దేశం డబ్బు ఖర్చయింది, మనం ఉచితంగా నేర్చుకోవచ్చు.

నైట్రస్ ఆక్సైడ్ మాట కూడా ఉంది. నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఆనోడ్ దగ్గర వెలువడే వాయువులో అది ఏ కొంచెం ఉన్నా, గ్రీన్ అన్న మాటకు అర్థం పోతుంది. అయినా దాన్ని కొలిచిన పత్రాల కంటే కొలవనివే ఎక్కువ కనిపిస్తాయి నాకు.

ఇవన్నీ కొలవాలంటే ఐయాన్ క్రొమటోగ్రాఫ్, గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటరు కావాలి. జిల్లా కాలేజీల్లో, చిన్న విశ్వవిద్యాలయాల్లో ఇవి ఉండవు. మా పిల్లలు నమూనా సీసాలు థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య సర్ది, రాత్రి బస్సులో హైదరాబాద్ పంపుతారు. అక్కడ వరుస వచ్చేసరికి రోజులు గడుస్తాయి, ఈలోగా నైట్రైటు ఉన్నది ఉన్నట్టు ఉంటుందన్న నమ్మకం లేదు. ఉత్ప్రేరకం చేయడానికి ఓవెన్, ఆటోక్లేవ్ చాలు, అవి అందరికీ ఉన్నాయి. అందుకే దేశంలో కొత్త ఉత్ప్రేరకాలకు కొదవలేదు, కొలిచిన ఉత్ప్రేరకాలకే కరువు.

మీ నుంచి కోరేది ఇక చెప్తాను. వచ్చేసారి ప్రతిపాదనలు పిలిచేటప్పుడు అమ్మోనియా ఆక్సీకరణాన్ని రెండుగా విడదీయండి. శక్తి కోసమైతే, హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి 0.6 వోల్టుల లోపు కరెంటు చూపించాలి, శిఖరం కాదు, కనీసం వంద గంటలు నిలిచిన కరెంటు. మొదటి దశకు వంద చాలు, రెండో దశకు వెయ్యి అడగండి. నీటి కోసమైతే వోల్టేజీ ఎంతైనా ఫరవాలేదు, నత్రజని జమాఖర్చు చూపించాలి. పోయిన అమ్మోనియాలో ఎంత వాయువైంది, ఎంత నైట్రైటు, ఎంత నైట్రేటు, ఎంత గాల్లో కలిసింది. జమ, ఖర్చు కలవకపోతే ఎక్కడ కలవలేదో రాయాలి. అలా రాసినవాళ్లకు మార్కులు తగ్గించకూడదు, పెంచాలి.

రెండో కోరిక కొలిచే కేంద్రం. కొత్త భవనం, శిలాఫలకం అక్కర్లేదు. విశాఖలో పెట్రోలియం, ఇంధన విద్యా సంస్థ ఉంది. హైదరాబాద్‌లో రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, లోహపు పొడులు, కొత్త పదార్థాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉంది, ఏఆర్‌సీఐ ఫ్యూయల్ సెల్ కేంద్రం చెన్నైలో పనిచేస్తోంది. కారైకుడిలో కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ ఉంది. వీటిలో ఒకచోట నాలుగు పరికరాలు, ఇద్దరు శాశ్వత టెక్నీషియన్లు, దేశంలో ఎవరు పంపినా ఒకే పద్ధతిలో పరీక్షించి ఇచ్చే బాధ్యత. టెక్నీషియన్లు అన్న మాటను ప్రత్యేకించి రాస్తున్నాను. పరికరం కొనడానికి డబ్బిచ్చి, నడిపే మనిషికి జీతం ఇవ్వని పథకాల పుణ్యమా అని ఎన్ని యంత్రాలు కవరు కప్పుకుని నిద్రపోతున్నాయో మీకు తెలియంది కాదు. నా ఎంపిక విశాఖ. అమ్మోనియా దిగేదీ, నిల్వ ఉండేదీ, రేపు తయారయ్యేదీ ఆ చుట్టుపక్కలే కనుక.

ఇంకొకటి కంపెనీల సంగతి. ప్రోత్సాహకం తీసుకునే ప్రతి అమ్మోనియా ప్రాజెక్టూ తన నిజమైన వ్యర్థజలాన్ని పరిశోధకులకు నమూనాగా ఇవ్వాలని ఒప్పందంలో ఒక వాక్యం రాయండి. మేం పరీక్షించేది శుద్ధమైన నీటిలో కలిపిన శుద్ధమైన అమ్మోనియా. అసలు నీటిలో నూనె జాడలుంటాయి, గంధకం ఉంటుంది, ఉప్పు ఉంటుంది. ప్లాటినాన్ని చంపడానికి గంధకం చిటికెడు చాలు. నమూనా అడిగితే గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి ముంబై కార్యాలయం దాకా ఈమెయిళ్లు తిరుగుతాయి, చివరికి నీళ్లు రావు.

ఉప్పు అన్నాను కదా, దాని గురించి కాస్త పక్కకు వెళ్తాను. గోదావరి జిల్లాల రొయ్యల రైతులు చెరువు నీటిలో అమ్మోనియాను కిట్టుతో చూసుకోవడం మామూలు విషయం. పెరిగితే జియోలైట్ చల్లుతారు, ఏరేటర్లు తిప్పుతారు, నీళ్లు మారుస్తారు. ఎలక్ట్రోడ్లు ముంచి అమ్మోనియా తీసేస్తామనే యంత్రాలు వాళ్ల దగ్గరికి రావడానికి ఎంతో కాలం పట్టదు. ఉప్పునీటిలో ఆనోడ్ మీద మొదట పుట్టేది క్లోరిన్. అది అమ్మోనియాతో కలిసి క్లోరమీన్లు అవుతుంది. కిట్టులో అమ్మోనియా తగ్గినట్టు కనిపించవచ్చు, రొయ్య మాత్రం బతకదు. పైగా చెరువులో ఉండేది లీటరుకు ఒకటీ రెండు మిల్లీగ్రాములు, అందులోంచి ఇంధనం తీస్తామనడం హాస్యం. మీ లోగోతో అలాంటి యంత్రం అమ్ముడుపోకుండా చూసుకోండి. ఎకరాకు లక్షలు పోసిన రైతు మీద ప్రయోగం చేసే హక్కు మనకెవరికీ లేదు.

ప్రమాదం గురించి పొడిగించను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో లీకైంది స్టైరీన్, అమ్మోనియా కాదు. 2023 డిసెంబరు 26 రాత్రి చెన్నై దగ్గర ఎన్నూరులో సముద్రంలోని పైపు నుంచి లీకైంది అమ్మోనియానే. కాకినాడ జనానికి రెండూ గుర్తే. ఊరి పక్కన ట్యాంకు కట్టేటప్పుడు సభలో ఎవరో ఒకరు లేచి, దీన్ని మా ఊళ్లో దేనికి వాడతారు అని అడుగుతారు. ఎగుమతికి అన్న జవాబు ఆ సభలో ఎక్కువసేపు నిలబడదు.

నికెల్ కంటే తక్కువ వోల్టేజీ, ఇరిడియం కంటే తక్కువ ధర ఉన్న ఉత్ప్రేరకం దొరుకుతుందా అని మీరు అడగొచ్చు. రుథేనియం సంక్లిష్ట సమ్మేళనాలతో (లోహం చుట్టూ ఇతర అణువులు అల్లుకున్నవి) అమ్మోనియాను నత్రజనిగా మార్చవచ్చని 2019లో ఒకటికి రెండు బృందాలు చూపించాయి. కరెంటు చిన్నది, ఆయుష్షు తక్కువ, కానీ జత కట్టించే దారి కొత్తది. ప్లాటినంలో జింకు కలిపి విలువైన లోహం తగ్గించే పని సాగుతోంది. పొటెన్షియల్‌ను స్థిరంగా ఉంచకుండా క్షణక్షణం దింపి ఎత్తుతూ విషాన్ని ఎప్పటికప్పుడు తుడిచే పద్ధతి నాకు అన్నిటికంటే ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది. కొత్త లోహం అక్కర్లేదు, మంచి పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కావాలి, వాళ్లు మనకు ఊరికొకరున్నారు. దీని మీద కెమిస్టులూ ఎలక్ట్రికల్ వాళ్లూ కలిసి పంపే ప్రతిపాదన వస్తే, దయచేసి ఇది కెమిస్ట్రీ కాదు అని వెనక్కి పంపకండి.

ఖాళీ పరీక్ష, నత్రజని జమాఖర్చు, వంద గంటల పరుగు, ఈ మూడింటికీ ఒక పరీక్షా పద్ధతి ముసాయిదా తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ మా దగ్గర సిద్ధంగా ఉంది. మీ తర్వాతి ప్రకటనకు ముందు అభిప్రాయాలు కోరితే పంపుతాం. కోరకపోయినా ఆ ప్రకటన వచ్చిన రోజునే పంపుతాం.

ఇట్లు,
కోస్తాలో ఎలక్ట్రోకెమిస్ట్రీ చెప్పుకునే ఒక అధ్యాపకుడు

ప్రతులు: ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి